మొక్కజొన్న రొట్టె ఖరీదు

ఏప్రిల్ వచ్చిందంటే చింతలపూడి రోడ్డులో సగం మొక్కజొన్నదే. లింగపాలెం, కామవరపుకోట, ద్వారకా తిరుమల, మెట్టలో ఎటు పోయినా తారు మీద గింజలు ఎండుతుంటాయి. బస్సు డ్రైవర్లు విసుక్కోకుండా పక్కకు లాగి పోతారు. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్లు పాదాలతో చాళ్లు తీస్తూ గింజ తిరగేస్తారు, పొద్దు వాలేసరికి కుప్పచేసి టార్పాలిన్ కప్పుతారు. ఆ గింజ అక్కణ్నుంచి ఎటు పోతుందో జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. కోళ్లఫారానికి, మేత ఫ్యాక్టరీకి, స్టార్చ్ మిల్లుకు. తణుకు, తాడేపల్లిగూడెం చుట్టూ ఉన్న ఫారాల్లో గుడ్డయి మళ్లీ మన వంటింటికే వస్తుంది. మొక్కజొన్న మనమూ తింటాం. కోడి తిన్నాక.

వాన సాయంత్రాల్లో మాత్రం దానికి కాస్త మర్యాద దక్కుతుంది. ఏలూరు పాత బస్టాండు వైపు తోపుడుబండి మీద బొగ్గులు రాజేసి, పొత్తును తిప్పి తిప్పి కాల్చి, నిమ్మచెక్కను ఉప్పూకారంలో అద్ది వరసల మీద రుద్ది చేతికిస్తారు. వేళ్లు నల్లబడతాయి, పెదాలు మండుతాయి, ఇంకోటి కావాలనిపిస్తుంది. సరిగ్గా ఈ పనే, ఈ నిమ్మతోనే, ఈ కారంతోనే మెక్సికో నగరం వీధుల్లో రోజూ సాయంత్రం జరుగుతుంది. పైన కాస్త మయొన్నేజ్, ఉప్పటి చీజ్ తురుము వాళ్ల అదనం. ఇన్ని సముద్రాల అవతల ఇద్దరు బండివాళ్లు ఒకరినొకరు చూడకుండానే ఒకే పని నేర్చుకున్నారు. ఆ గింజలోనే ఏదో ఉందేమో, నన్ను కాల్చు, నిమ్మ పిండు అని అదే చెబుతుందేమో.

మా మేనకోడలు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. అమెరికా వెళ్లిన మనవాళ్లకు మెక్సికన్ తిండి కొత్తేం కాదు. చదువుకోవడానికి వెళ్లిన శాకాహారి పిల్లలు చాలామంది మొదటి ఏడాది గట్టెక్కింది బీన్సూ అన్నమూ చుట్టిన బరిటోల మీదే. 1993లో డెన్వర్‌లో మొదలైన చిపోట్లే శాఖల్లో మధ్యాహ్నం వరసలో నిలబడితే వెనకనుంచి మన భాష వినపడుతుంది. అమ్మాయి మమ్మల్ని తీసుకెళ్లింది అలాంటి చోటికి కాదు. ఇస్త్రీ చేసిన బల్లగుడ్డలు, ముందుగా పేరు రాయించుకుంటే తప్ప దొరకని కుర్చీలు, గొంతు తగ్గించి మాట్లాడే సర్వర్లు. “మావయ్యా, ఒక్కసారి తినాలి మీరు. బిల్లు మాత్రం చూడకండి” అంది.

చూడొద్దన్న బిల్లు చూడకుండా ఉండటం గోదావరి జిల్లాలవాడి వల్ల అయ్యే పనేనా? నలుగురికి, టిప్పుతో కలిపి, నాలుగు వందల డాలర్లు దాటింది. ముప్పై అయిదు వేల రూపాయల మాట. 2025-26కు కేంద్రం మొక్కజొన్నకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400. అంటే ఆ పూట మేం పద్నాలుగు క్వింటాళ్ల పైచిలుకు గింజ తిన్నట్టు. మెట్టలో దాదాపు అరెకరం పంట నాలుగు కడుపుల్లోకి, రెండు గంటల్లో.

గిట్టుబాటైందా? అయింది. ఎందుకో చెప్పాలంటే పళ్లేలు వచ్చిన వరసలోనే చెప్పాలి.

మొదట ఒక ఎర్రటి పానీయం వచ్చింది. గ్లాసు ఎత్తితే బల్లగుడ్డ మీద గులాబీరంగు నీడ పడింది. గుక్క తాగగానే నాలుక గుర్తుపట్టేసింది, నాకు మాత్రం కొంచెం ఆలస్యంగా తెలిసింది. గోంగూర! మెక్సికోలో ఇంటింటా తాగే ఆగ్వా దె హమైకా అంటే మన పుల్లగోంగూర మొక్కే. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఎర్రగా ఉబ్బే దళసరి రేకలుంటాయి చూశారూ, వాటిని ఎండబెట్టి, మరిగించి, పంచదార కలిపి చల్లార్చారు. మొక్క పుట్టిల్లు ఆఫ్రికా. తూర్పుకొచ్చిన గోంగూర ఆకు మనం కోసుకున్నాం, పడమటికి పోయిన గోంగూర రేకలు వాళ్లు కోసుకున్నారు. మన చేలగట్ల మీద ఆ ఎర్రరేకలు చాలావరకు ఎండి రాలిపోతాయి. ఆ గ్లాసుకు వాళ్లు వేసిన రేటు చెప్పను, ఇంట్లో గోంగూర పెంచేవాళ్లు బాధపడతారు.

తర్వాతి పళ్లెం అంచున బంతిరేకలు చల్లి ఉన్నాయి. మా ఆవిడ వాటిని జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టింది, దేవుడి పువ్వు ఎలా తింటామని. బంతి పుట్టిందే మెక్సికోలో. నవంబరు మొదట్లో చనిపోయినవాళ్లు ఒక్కసారి ఇంటికొస్తారని వాళ్ల నమ్మకం. దారి తప్పకుండా ఉండాలని నేల పొడుగునా బంతిరేకలు పరుస్తారు, ఆ వాసన పట్టుకుని వస్తారట. మనకేమో సంక్రాంతి నెలంతా గొబ్బెమ్మ నెత్తిన అదే బంతి. పక్కన పెట్టే తీపిగుమ్మడి పువ్వు కూడా ఆ ఖండానిదే, దాన్ని వాళ్లు రొట్టెల మధ్య పెట్టుకు తింటారు. కొల్లేటి పల్లెల్లో పేడముద్ద మీద పసుపూ కుంకుమా చల్లి ఈ రెండు పువ్వులూ గుచ్చిన మొదటి అమ్మాయి ఎవరోగాని, ఏ నావ మోసుకొచ్చిందో అడక్కుండానే వాటిని మన పండగలో కలిపేసింది.

ఆ రేకల మధ్యలో ఉన్నది అగ్వాచీలె. పచ్చిమిరపకాయ, నిమ్మరసం, కొత్తిమీర నూరి ఆ ఆకుపచ్చ రసంలో పచ్చిరొయ్య నానేస్తారు. పసిఫిక్ ఒడ్డున సినలోవా రాష్ట్రపు వంట. పొయ్యి లేదు, పులుపే ఉడికిస్తుంది. బాగుంది. కాని ఆ రాత్రి గిట్టనిదేదైనా ఉంటే అదే. చెరువు మీద తెల్లవారుజామున పట్టుబడి చేసి, ఐసు వేయకముందే నాలుగు గుప్పిళ్లు ఇంటికి తెచ్చి వేపుడు చేసిన రొయ్య తెలిసినవాడికి, ఎంత నిమ్మరసం పోసినా ఫ్రీజరు రుచి దాగదు.

రుచి పక్కన పెడితే, ఆ రొయ్య తిరిగిన దారి మాత్రం నన్ను కాసేపు తిండి మాన్పించింది. వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికోలోని సొనోరా తీరం నుంచి పెరూ ఉత్తరపు కొస దాకా ఉన్న పసిఫిక్. టైగర్ రొయ్యను తెల్లమచ్చ తెగులు తినేసి మన రైతులు కుదేలయ్యాక, 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చింది. ఇవాళ కైకలూరు నుంచి భీమవరం దాకా రాత్రిపూట ప్రయాణం చేస్తే దారి పొడుగునా ఏరేటర్ల చప్పుడే. ఆ చప్పుడులో పెరిగేది వాళ్ల సముద్రపు బిడ్డ. మన రొయ్యను అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ సుంకం యాభై శాతానికి ఎక్కినప్పుడు ఇక్కడ చెరువుగట్ల మీద నిద్రలేదు. మేనకోడలి ఫ్రిజ్‌లోని రొయ్యల ప్యాకెట్ మీద ప్రాడక్ట్ ఆఫ్ ఇండియా అని ఉంది. హోటల్ మెనూలో ఆ సంగతి రాయరు. కైకలూరు దగ్గర చెరువులు చేసే మా బావగారయితే పళ్లెం చూసి కౌంట్ చెప్పేసేవారు, కొంచెం తటపటాయించి ఏ ఊరి చెరువో కూడా చెప్పేవారేమో. మెక్సికోలో పుట్టిన జాతి, కొల్లేటి పక్కన పెరిగి, విశాఖలోనో కాకినాడలోనో ఓడెక్కి, డాలస్‌లో మెక్సికన్ వంటగా ఏలూరువాడి ముందుకొచ్చింది. రెండు మహాసముద్రాలు చుట్టి వచ్చిన ఆ రొయ్యకు మర్యాదగా చివరిదాకా తిన్నాను.

అప్పుడొచ్చింది మోలె.

నలుపు. అడుగంటిన బెల్లప్పాకానికీ కాటుకకూ మధ్య ఎక్కడో ఉండే నలుపు. ఒహాకా ప్రాంతపు మోలె నీగ్రో. మిరపకాయల్ని దాదాపు బొగ్గయ్యేదాకా మాడ్చి, నువ్వులు, గింజలు, ఎండుద్రాక్ష, అరటిపండు, టొమాటో, దాల్చినచెక్క, లవంగం, మిరియం, మాడ్చిన రొట్టె, చివర చాక్లెట్ వేసి గంటలకొద్దీ కలుపుతారు. ముప్పై దాకా దినుసులు పడతాయి. వేలితో అద్ది నాకాను, చెంచా ఉన్నా. మొదట తీపి, దాని వెనక కారం, కారం వెనక చేదు, చేదు తగ్గాక ఎక్కడో నువ్వులు. మన వంటలో కారం ముందు తలుపు తోసుకుని వస్తుంది. ఇక్కడ పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది.

ఈ మోలెలో దాల్చినచెక్క, మిరియం, లవంగం మనవైపు సముద్రాలవి. మిరప, టొమాటో, చాక్లెట్ వాళ్లవి. మిరప లేని తెలుగు వంట ఒకటి ఎన్నో వందల ఏళ్లు నడిచిందని మనం మరిచిపోతాం. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టిన నాడు, కొండవీట్లో శ్రీనాథుడు విస్తరి ముందు కూర్చున్న నాడు, కారమంటే మిరియమే. మన ఆవకాయలోని మిరప అప్పటికి ఇంకా అటువైపు సముద్రం దాటలేదు.

మెక్సికో నగరంలో పుహోల్ అని ఒక హోటలుంది. ఎన్రికె ఓల్వెరా 2000లో తెరిచాడు. అక్కడ మోలెను ఏళ్ల తరబడి ఆరనివ్వకుండా, రోజూ వేడిచేస్తూ, తగ్గినంత కొత్తది చేరుస్తూ వస్తున్నారు. వేలకొద్దీ రోజుల వయసున్న ఆ పాత మోలె చుట్టూ వలయంగా, నడుమ చుక్కగా అప్పుడే వండిన ఎర్ర మోలె, పక్కన రొట్టెలు. మాంసం ముక్క లేదు, కూర ముక్క లేదు. చేపల పులుసు మర్నాటికి ఎందుకు బాగుంటుందో తెలిసిన మనకు ఈ పళ్లెం అర్థం చేసుకోవడం తేలిక, వాళ్లు ఆ మర్నాడును పదేళ్లు సాగదీశారు, అంతే. అక్కడ పూర్తి విందు మూడు వేల పెసోలకు పైమాటే, మన లెక్కలో పన్నెండు వేలు దాటుతుంది. ఆ విందులోనే పేరుమోసిన ఇంకో వంటకం, ఎండు సొరబుర్రలో పొగబెట్టిన బుల్లి మొక్కజొన్న పొత్తులు. వాటికి పూసే మయొన్నేజ్‌లో, తొలివానలకు నేలలోంచి రెక్కలతో లేచే పెద్దచీమల్ని వేయించి పొడిచేసి కలుపుతారు. ముఖం చిట్లించకండి. తొలకరికి దీపం పెట్టి ఉసిళ్లు పట్టి వేయించుకు తిన్న ఊళ్లు మనవి.

మోలెతోపాటు గుడ్డలో చుట్టి తెచ్చిన రొట్టెల్ని నేను మొదట పట్టించుకోలేదు. అరచేయంత రొట్టెలు, కొన్ని తెలుపు, కొన్ని నీలం. అవును, నీలమే, తుఫాను ముందు ఆకాశం రంగు. గుడ్డ విప్పగానే ఒక వాసన వచ్చింది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద తొలివాన జల్లు పడితే వచ్చే వాసన. దాని కింద కాలిన గింజ తీపి. ఒక ముక్క తుంచి ఉత్తిదే నోట్లో పెట్టుకున్నాను, ఇంకేమీ అద్దకుండా. ఆ తర్వాత బల్ల మీద వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

ఆ వాసన నిజంగా సున్నానిదే. మెక్సికోవాళ్లు మొక్కజొన్నను ఉత్త నీళ్లలో ఉడకబెట్టరు. సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నాననిచ్చి, పొద్దున పొట్టు జారిపోయేదాకా కడిగి, తడిగా ఉండగానే రాతి మీద నూరుతారు. వాళ్లకూ సన్నికల్లు ఉంది, మూడు కాళ్లది. ఆ పిండికే అంటుకునే గుణం వస్తుంది, పెనం మీద వేస్తే పొంగే గుణం వస్తుంది. మనం మొక్కజొన్న పిండిని ఉత్తినే తడిపి రొట్టె చేయబోతే అంచులు పగిలిపోయేది అందుకే. సున్నం పడితే గింజలో బంధింపబడి ఉన్న నయాసిన్ అనే విటమిన్ విడివడి ఒంటికి పడుతుంది. మూడు వేల ఏళ్ల కిందటే, సూక్ష్మదర్శిని లేకుండా, విటమిన్ అన్న ఊహే లేకుండా, ఎవరో ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఇది కనిపెట్టారు.

యూరపువాళ్లు గింజ పట్టుకెళ్లారు, సున్నం సంగతి వదిలేశారు. ఇటలీలో, ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే తిని బతికిన పేదలకు పెల్లాగ్రా పట్టుకుంది. చర్మం పగిలి, మతి చెడి, వేలమంది పోయారు. ఆ జబ్బు మన దక్కనులోనూ కనిపించింది, జొన్న తినేవాళ్లలో. హైదరాబాదులో, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దాని వెనక జొన్నలోని ల్యూసిన్ ఉందని 1960లో ప్రతిపాదించారు. ఒక చిటికెడు సున్నం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంత చరిత్ర పట్టింది. మరి మనకు సున్నం కొరతా? తాంబూలానికి గుల్లసున్నం, చెరువుకు బస్తాల సున్నం, పండక్కి గోడకు సున్నం. ఒక్క మొక్కజొన్న ఎసట్లో మాత్రం ఎప్పుడూ వేయలేదు.

మద్దతు ధర లెక్కలో ఒక్కో రొట్టెలో ఉన్నది అర్ధరూపాయి గింజ. మరి మిగతా డబ్బంతా దేనికి? ఆ గింజను కోడికి వేయకుండా మనిషికోసం పండించినందుకు. మెక్సికోలో అరవై దాకా దేశవాళీ రకాలున్నాయి. నీలం, ఎరుపు, ఊదా, గంధపురంగు, ఒక్కోటి ఒక్కో లోయది. దిగుబడి తక్కువ, రుచి జాస్తి. తొమ్మిది వేల ఏళ్ల కిందట బాల్సాస్ లోయలో టియోసింటె అనే గడ్డిలోంచి మనుషులు దాన్ని కంకిగా సాకారు. ఆ గడ్డికి పది పన్నెండు రాతిగింజలుండేవి, అంతే. ఎంత ఓపిక! మనుషుల్ని మొక్కజొన్న పిండితోనే చేశారని మాయా జనం చెప్పుకున్నారు. దేవుళ్లు మట్టితో చేసి చూసి, చెక్కతో చేసి చూసి, కుదరక చివరికి ఈ పిండి పట్టుకున్నారట. ఆ రొట్టె తిన్నాక ఆ దేవుళ్ల ఎంపికలో తప్పేమీ కనిపించలేదు నాకు.

ఆ వంటకు వెనకాల ఒక సరస్సుంది. కొల్లేటివాడిగా ఇది చెప్పకుండా ఉండలేను. ఇవాళ మెక్సికో నగరం ఉన్న చోట ఒకప్పుడు టెస్కోకో సరస్సు. దాని నడుమ లంక మీద 1325లో ఆజ్టెక్‌లు టెనోచ్‌టిట్లాన్ కట్టారని చెబుతారు. నీళ్లలో కర్రలు పాతి, దడి కట్టి, అడుగుబురద తోడి పోసి మడులు చేశారు. మడుల మధ్య కాలువలు, కాలువల్లో పడవలు, మడుల మీద మొక్కజొన్న, మిరప, గుమ్మడి, బంతి. ఏడాదికి ఎన్నో పంటలు. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక పడవరేవుల్లో నిలబడి చూసినవాళ్లు ఆ నగరాన్ని సులువుగా ఊహించుకోగలరు. మన తాతలు కూడా నీళ్లు తగ్గిన నెలల్లో కొల్లేటి గర్భంలో వరి వేసి, బుడమేరూ తమ్మిలేరూ పొంగేలోగా కోసుకున్నవాళ్లే.

1521లో నగరం స్పెయిన్‌వాళ్ల చేతికి పోయింది. 1607లో సరస్సు నీటిని బయటికి తోడే కాలువ మొదలుపెట్టారు. వందల ఏళ్లు తోడుతూనే ఉన్నారు. ఇప్పుడు అక్కడ సరస్సు దాదాపు లేదు, ఎండిన సరస్సు అడుగు మీద కట్టిన నగరం కొన్నిచోట్ల ఏటా నలభై సెంటీమీటర్ల పైన కుంగుతోంది. షోచిమిల్కోలో కొన్ని మడులు, కాలువలు మిగిలాయి. 1987లో వాటికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చారు. మన కొల్లేటికి 1999లో అభయారణ్యం హోదా, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి, 2006 నాటికి సరస్సులో వేసిన చెరువుగట్లు పేల్చారు, మళ్లీ గట్లు లేచాయి. ఉప్పుటేరులో నీళ్లు ఎంతకాలం నడుస్తాయో చెప్పలేను. ఒక్కటి మాత్రం అనిపించింది. వాళ్లు సరస్సు పోగొట్టుకుని దాని వంటను దక్కించుకున్నారు. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన సరస్సు ఇంకా ఉంది, ఆటపాకలో గూడకొంగలు ఇంకా దిగుతున్నాయి. కొల్లేటి వంట అని పేరుపెట్టి బల్ల వేసి వడ్డించే హోటల్ ఒక్కటి నాకు తెలిసి లేదు.

ఖరీదు సంగతికి మళ్లీ వస్తాను. 2024లో మెక్సికోకు మొదటిసారి మిషెలిన్ గైడు వచ్చింది. పుహోల్‌కు రెండు నక్షత్రాలు ఇచ్చారు. కింతొనీల్ అనే ఇంకో హోటల్‌కూ రెండు, దాని పేరు ఒక రకం తోటకూరది. 2025లో అది ప్రపంచ యాభై ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మూడో స్థానానికి వెళ్లింది. అదే గైడు అదే రోజు ఒక నక్షత్రాన్ని ఎల్ కలీఫా దె లియోన్‌కు ఇచ్చింది. 1968 నుంచి ఉన్న టాకో కొట్టు అది. నిలబడి తినాలి, నాలుగు రకాలే దొరుకుతాయి, లోపల నలుగురు నిలబడితే ఊపిరాడదు. మెత్తటి గొడ్డుమాంసపు పలక, ఉప్పు, నిమ్మ, అప్పుడే పెనం మీంచి దిగిన రొట్టె. మన డబ్బుల్లో మూడు నాలుగు వందలు. పన్నెండు వేల విందులోనూ ఈ కొట్టులోనూ సమానంగా ఉన్నది ఏదని చూస్తే, సున్నపు నీళ్లలో నానిన ఆ గింజే మిగులుతుంది. డబ్బున్నవాడికి ఒక రొట్టె, లేనివాడికి ఇంకో రొట్టె అనే తేడా అక్కడ లేదు. అంచేత డాలస్ బిల్లులో రొయ్యకు పోసింది దండగ, బల్లగుడ్డకు పోసింది దండగ. రొట్టెకూ మోలెకూ ఇంకో వంద డాలర్లు అడిగినా ఇచ్చేవాణ్ని, అల్లుడి కార్డు మీద అయితే మరీ ధైర్యంగా.

చివర చిన్న కప్పులో చాక్లెట్. పాలు లేవు, నీళ్లలో చిలికింది, పైన నురగ, అడుగున చేదు. ఆజ్టెక్‌ల సంతలో కోకో గింజే నాణెం. 1545 నాటి త్లస్కాలా ధరల పట్టీలో పెద్ద టొమాటోకు ఒక గింజ, టర్కీకోడి పెట్టకు వంద గింజలు. కప్పు పట్టుకుని నేను చూస్తున్నది మాత్రం తాడికలపూడి. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలో, రాష్ట్రంలో ఎక్కువగా మన దగ్గరే. కొబ్బరితోటల నీడలో, ఆయిల్‌పామ్ వరసల మధ్య, కాండానికే అతుక్కుని పసుపూ ఎరుపూ కాయలు. 2024లో ప్రపంచ మార్కెట్‌లో టన్ను పదివేల డాలర్లు దాటింది, మరుసటేడు ఇక్కడ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ఇంత ఒడుదుడుకుల మధ్యే తాడికలపూడిలో కాయ కొట్టి, గుజ్జుతో సహా గింజను చెక్కపెట్టెల్లో పులియబెట్టి, తిరగేసి, ఎండబెట్టే పని శ్రద్ధగా నడుస్తోంది. ఆ గింజతో హైదరాబాదులో మనం అనే పేరుతో 2023లో చాక్లెట్ దుకాణం వెలిసింది, పట్టీల మీద పశ్చిమ గోదావరి అని గర్వంగా రాసుకున్నారు. కాకరకాయ పులుసులో బెల్లం వేసే జిల్లాకు చేదూ తీపీ ఎంతెంత కలపాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే ఎవరైనా ధైర్యం చేసి ఏలూరులో ఒక మెక్సికన్ హోటల్ పెడితే బాగుండునని నా కోరిక. తమ్మిలేరు గట్టు మీదైనా సరే, పవర్‌పేటలో మేడ మీదైనా సరే. గింజ చింతలపూడి రైతు దగ్గర తీసుకోండి, బరువు కోసం పెంచిన హైబ్రిడ్ కాకుండా రుచికోసం పది సెంట్లు విడిగా వేయించండి, మద్దతు ధరకు నాలుగింతలిచ్చినా మీకు నష్టం రాదు. సున్నం గుల్లదే వాడండి. ఉల్లిపాయలు తాడేపల్లిగూడెం మార్కెట్టునుంచి, కోకో తాడికలపూడి నుంచి, గోంగూర రేకలు ఏ చేనిగట్టు నుంచైనా. రొయ్య పచ్చిది పెట్టొద్దు, ఇక్కడ ఎవరూ తినరు. నల్లటి మోలెలో కొర్రమీను ముక్క వేసి చూడండి. బంతిరేకలు పళ్లెం మీద చల్లేముందు మా ఆవిణ్ని ఒక మాట అడగండి. మనిషికి రెండు వేలు పెట్టండి, మూడు వేలు పెట్టండి, వస్తాం, బేరం ఆడం. రొట్టెలు మాత్రం మేం వచ్చి కూర్చున్నాకే కాల్చండి.